వేగపు పడవకు డీజిల్ ఇంజను ఎంచుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

పడవ కొనేవారు, కట్టించేవారు, పాత పడవలో ఇంజను మార్చేవారు ఏళ్ల తరబడి ఇవే సందేహాలు అడుగుతున్నారు. ఫోనులో పదిసార్లు చెప్పేకంటే ఒకచోట రాసి ఉంచడం మేలనిపించింది. ఇక్కడ వేగపు పడవ అంటే సుమారు 8 నుంచి 18 మీటర్ల పొడవుండి, 25 నుంచి 50 నాట్ల వేగంతో నీటిని చీల్చకుండా దాని మీదుగా జారిపోయే పడవ. నాట్ అంటే గంటకు 1.852 కిలోమీటర్లు. ఏ జవాబుకు ఆ జవాబే పూర్తిగా ఉంటుంది, మీకు కావలసినదాని దగ్గరే చదవడం మొదలుపెట్టవచ్చు.

## మొదటి ఆలోచన

వేగం కావాలంటే పెట్రోలే మంచిది అంటారు. డీజిల్ ఎందుకు?

తేలికైన పడవ, తక్కువ దూరాలు, సెలవురోజు షికారు అయితే పెట్రోల్ అవుట్‌బోర్డే (పడవ వెనుక బయట తగిలించే ఇంజను) సరైనది. పడవ బరువు, వెళ్లే దూరం, ఏడాదికి తిరిగే గంటలు పెరిగే కొద్దీ డీజిల్ వైపు మొగ్గు పెరుగుతుంది. లీటరు డీజిల్‌లో దాదాపు 36 మెగాజౌళ్ల శక్తి ఉంటే పెట్రోలులో 32 ఉంటుంది. ఆ శక్తిని పనిగా మార్చడంలోనూ డీజిల్ ఇంజనుదే పైచేయి. రెండూ కలిస్తే అదే పనికి లీటర్ల లెక్కన దాదాపు మూడో వంతు ఇంధనం తగ్గుతుంది.

నా దృష్టిలో అంతకంటే పెద్ద కారణం మంట. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువైనది. అది పైకి పోకుండా పడవ అడుగున చేరి, ఒక్క నిప్పురవ్వ కోసం కాచుకుని ఉంటుంది. డీజిల్ మామూలు ఎండకు అలా మండే ఆవిరి కట్టదు. తీరం కనిపించని చోట, కింద కుటుంబం నిద్రపోతున్న పడవలో ఈ తేడా చిన్నది కాదు.

డీజిల్‌తో నిజంగా ఎంత వేగం వెళ్లవచ్చు?

2018 మార్చిలో ఇటలీలోని కోమో సరస్సు మీద పడవల రూపకర్త ఫాబియో బుజ్జి డీజిల్ పడవను గంటకు 277.5 కిలోమీటర్ల వేగంతో నడిపి రికార్డు సృష్టించారు. అందులో ఉన్నది 1,700 హార్స్‌పవర్లకు పెంచిన ఎఫ్‌పీటీ కర్సర్ 16 ఇంజను. అంతకుముందు రికార్డు కూడా ఆయనదే, 1992లో గంటకు 252 కిలోమీటర్లు. అదే కర్సర్ 16ను విహార పడవలకు 1,000 హార్స్‌పవర్లతో అమ్ముతున్నారు. ఆ 700 తేడాలోనే విషయమంతా ఉంది. రికార్డు ఇంజను కొన్ని నిమిషాలు పనిచేస్తే చాలు, మీది వేల గంటలు పనిచేయాలి. రెండు 550 హార్స్‌పవర్ల డీజిళ్లతో, బరువు అదుపులో ఉన్న 12 మీటర్ల పడవ 35 నుంచి 45 నాట్లు అందుకుంటుంది. లెక్కలు అక్కడి నుంచి మొదలుపెట్టండి.

లారీ ఇంజనుకే మార్పులు చేసి పడవలో పెట్టుకోవచ్చు కదా?

పెద్ద కంపెనీలు చేసేదే అది. కమిన్స్ బీ శ్రేణి లారీల్లో ఉంది, పడవల్లోనూ ఉంది. యాన్మార్ 8ఎల్‌వీకి మూలం టయోటా వీ8 డీజిల్. మన మత్స్యకారుల మరపడవల్లోనూ లారీ వంశపు ఇంజన్లు చాలా ఉన్నాయి. అయితే సముద్రానికి పనికొచ్చేలా మార్చడం అంటే రేడియేటరు తీసి పైపు తగిలించడం కాదు. సముద్రపు నీటితో చల్లబడే ఉష్ణ మార్పిడి పరికరం, నీటి తొడుగున్న ఎగ్జాస్ట్ మానిఫోల్డు, టర్బో (ఇంజనులోకి గాలిని నొక్కే పరికరం) పంపే వేడి గాలిని చల్లబరిచే ఆఫ్టర్‌కూలరు, పడవ ఎగిరిపడినా ఆయిలు ఒక మూలకు పోకుండా ఆపే సంపు (ఆయిలు తొట్టె), ఉప్పుగాలిని తట్టుకునే వైరింగు కావాలి. వీటికి తోడు ఇంధనం కొట్టే మోతాదునూ మార్చాలి.

ఆ చివరిది ఎందుకంటే, లారీ పూర్తి బలాన్ని వాడేది ఎత్తు ఎక్కేటప్పుడే. దిగువకు వస్తూ ఊపిరి తీసుకుంటుంది. వేగపు పడవకు దిగువ లేదు. నిండు లోడుతో శృంగవరపుకోట నుంచి అరకు ఘాటు ఎక్కుతూ, ఆ ఘాటు ఎప్పటికీ అయిపోకపోతే లారీ ఇంజను ఏమవుతుందో ఊహించండి. పడవ ఇంజను బతికేది అలాగే. అందుకే వేగం కోసమైతే సొంత మార్పిడి వద్దని చెబుతాను. నెమ్మదిగా వెళ్లే పని పడవల సంగతి వేరు.

ఏడాదికి 60 గంటలే తిప్పుతాను. డీజిల్‌కు పెట్టిన అదనపు డబ్బు తిరిగి వస్తుందా?

ఇంధనం ఆదా మీదే అయితే రావడం కష్టం. పెట్రోలుతో గంటకు 90 లీటర్లు తాగే పడవ డీజిల్‌తో 60 తాగుతుందనుకుంటే, ఏడాదికి మిగిలేది 1,800 లీటర్లు. జంట ఇంజన్ల ధరల తేడా ముందు అది చిన్న మొత్తం. ఏడాదికి 200 గంటలు దాటితే లెక్క మారుతుంది. అంతకంటే తక్కువ వాడేవారు డీజిల్ తీసుకుంటే భద్రత కోసమో, ఒకే ట్యాంకుతో ఎక్కువ దూరం వెళ్లడం కోసమో తీసుకోవాలి. ఆ కారణాలూ న్యాయమైనవే.

## శక్తి, రేటింగు, బరువు

నా పడవకు ఎన్ని హార్స్‌పవర్లు కావాలి?

జారే పడవల్లో వేగం శక్తి‌కి సూటిగా పెరగదు. శక్తిని బరువుతో భాగిస్తే వచ్చే సంఖ్యకు వర్గమూలం తీయండి, వేగం దాన్ని అనుసరిస్తుంది. అంటే శక్తి 20% పెంచితే వేగం పెరిగేది 9 లేదా 10 శాతమే. అదీ కొత్త ఇంజను బరువు పెరగకపోతే. పది టన్నుల పడవ మీద ఒక టన్ను సామాను పెరిగితే సుమారు 5% వేగం పోతుంది. కాబట్టి ముందు బరువును నిజాయితీగా లెక్కించండి: నిండు ఇంధనం, నీళ్లు, మనుషులు, లంగరు గొలుసు, జనరేటరు, ఏసీ. పడవ తయారీదారు కాగితం మీద రాసేది ఖాళీ పడవ బరువు. ఆ తేడా రెండు టన్నులు ఉండటం నేను చాలాసార్లు చూశాను.

ఒకే ఇంజనును 380, 480, 550 అని వేర్వేరు శక్తులతో అమ్ముతున్నారు. డబ్బుంటే ఎక్కువదే తీసుకోవచ్చు కదా?

ఈ పేజీలో ఒక్క జవాబే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి. కమిన్స్ క్యూఎస్‌బీ 6.7 దిమ్మె ఒకటే, కానీ 250 నుంచి 550 హార్స్‌పవర్ల దాకా రకరకాలుగా దొరుకుతుంది. మారేది ముఖ్యంగా టర్బో, ఆఫ్టర్‌కూలరు, ఇంధన మోతాదు, గరిష్ఠ ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు). ప్రతి సంఖ్య వెనుకా ఒక షరతు ఉంటుంది. దాన్నే రేటింగు అంటారు. 550 వెనుక ఉన్న షరతు ఇది: ప్రతి ఎనిమిది గంటల్లో ఒక్క గంటే పూర్తి శక్తి, మిగతా సమయమంతా గరిష్ఠ ఆర్‌పీఎం కంటే కనీసం 200 తక్కువగా నడపాలి, ఏడాదికి 500 గంటలు దాటకూడదు, పడవతో వ్యాపారం చేయకూడదు. వోల్వో పెంటా ఇదే విషయాన్ని 1 నుంచి 5 అంకెలతో చెబుతుంది. 1 అంటే రోజంతా పూర్తి బరువు లాగే పని పడవ. 5 అంటే విహారం మాత్రమే: పన్నెండు గంటలకు ఒక గంట పూర్తి శక్తి, ఏడాదికి 300 గంటల లోపు.

పర్యాటకులను తిప్పే పడవకో, గస్తీ పడవకో విహార రేటింగు ఇంజను పెట్టినవారు మొదటి ఏడాది సంతోషంగా ఉంటారు. తరువాత పిస్టన్లు, టర్బోలు, సిలిండరు హెడ్లు వంతులవారీగా మాట్లాడతాయి. వారంటీ కూడా నిలవదు, ఎందుకంటే ఏ లోడు దగ్గర ఎన్ని గంటలు నడిచిందో ఇంజను కంప్యూటరులో రాసి ఉంటుంది. ముందు ఏడాదికి మీరు నడిపే గంటలు, ఏ పనికి నడుపుతారు అన్నవి కాగితం మీద పెట్టండి. రేటింగును అవి తేలుస్తాయి. హార్స్‌పవర్ల సంఖ్య ఆ తరువాత వస్తుంది.

రెండు వేర్వేరు కంపెనీల ఇంజన్లను ఎలా పోల్చాలి?

లీటరుకు ఎన్ని హార్స్‌పవర్లు తీస్తున్నారో చూడండి. వోల్వో పెంటా డీ6: 5.5 లీటర్ల నుంచి 440, అంటే లీటరుకు 80. క్యూఎస్‌బీ 6.7 నుంచి 550, లీటరుకు 82. మాన్ వీ12: 24.2 లీటర్ల నుంచి 2,000, మళ్లీ 82. ముగ్గురు తయారీదారులూ వేర్వేరు దారుల్లో వచ్చి ఒకే చోట ఆగారు. నేటి విహార డీజిల్‌కు హద్దు దాదాపు అక్కడే ఉంది. రోజూ పనిచేసే పడవల రేటింగుల్లో ఇదే సంఖ్య 40, 45 దగ్గర ఉంటుంది. మీకు చూపిస్తున్న ఇంజను 90 దాటితే అది ఎన్ని గంటలకు ఓవర్‌హాలు కోరుతుందో అమ్మేవారిని రాతపూర్వకంగా అడగండి.

బ్రోచరులో 550 అని ఉంది. నిజంగా ప్రొపెల్లరుకు చేరేది ఎంత?

మూడు మెట్లలో తగ్గుతుంది. మొదటిది కొలమానం: యూరప్ కంపెనీలు వాడేది మెట్రిక్ హార్స్‌పవర్, 735.5 వాట్లు. బ్రిటిష్ హార్స్‌పవర్ 745.7 వాట్లు. మెట్రిక్ 550 అంటే రెండోదానిలో 542. రెండోది గేర్‌బాక్సు, షాఫ్టు నష్టం. అది మూడు నాలుగు శాతం ఉంటుంది. మూడోది వేడి. ప్రామాణిక పరీక్ష 25 డిగ్రీల గాలి దగ్గర జరుగుతుంది. విశాఖ తీరంలో సముద్రపు నీరే 28, 30 డిగ్రీలు ఉంటుంది. గాలి సరిగా ఆడని ఇంజను గదిలో 50 దాటుతుంది. కంపెనీలను పోల్చేటప్పుడు కిలోవాట్లతో పోల్చండి, అక్కడ గందరగోళం ఉండదు.

ఐపీఎస్ 950 అంటే 950 హార్స్‌పవర్ల ఇంజనా?

కాదు. ఐపీఎస్ అంటే వోల్వో పెంటా ఇంజనునూ ప్రొపెల్లర్లనూ కలిపి ఇచ్చే ఏర్పాటు. 950లో ఉన్న డీ11 ఇంజను శక్తి 725. ఐపీఎస్ 600లో 435, ఐపీఎస్ 1200లో 900. పాత పద్ధతి షాఫ్టుతో అదే పని చేయాలంటే ఎంత ఇంజను కావాలో సూచించేలా వోల్వో పెంటా ఆ పేర్లు పెట్టింది. 2005లో వచ్చిన ఈ పద్ధతిలో ప్రొపెల్లర్లు ముందుకు చూస్తూ పడవను లాగుతాయి, ఇంధనం నిజంగానే ఆదా అవుతుంది. కానీ ఇంజన్లను పోల్చేటప్పుడు 725నే లెక్కలోకి తీసుకోండి.

డీజిల్ బరువు ఎక్కువ కదా, అది వేగాన్ని తినేయదా?

కొంత తింటుంది. 550 హార్స్‌పవర్ల క్యూఎస్‌బీ గేర్‌బాక్సు లేకుండా 658 కేజీలు, అంటే హార్స్‌పవరుకు 1.2 కేజీలు. కాక్స్ వారి 300 హార్స్‌పవర్ల డీజిల్ అవుట్‌బోర్డు 393 కేజీలు. అంతే శక్తి ఉన్న నేటి వీ8 పెట్రోల్ అవుట్‌బోర్డులు 240 నుంచి 270 కేజీల మధ్య ఉంటాయి. దీనికి మరో వైపు కూడా చూడాలి. 300 మైళ్ల ప్రయాణానికి డీజిల్ పడవ మోసుకెళ్లాల్సిన ఇంధనం తక్కువ. దూరం పెరిగితే మొత్తం బరువులో డీజిలే నెగ్గుతుంది.

ఎంత బరువు అన్నదానికి సమానంగా, ఎక్కడ ఉందో కూడా పట్టించుకోవాలి. వెనుక బరువు ఎక్కువైతే పడవ ముక్కు ఎగిరెగిరి పడుతుంది.

ఒక పెద్ద ఇంజనా, రెండు చిన్నవా?

ఒకటి పెడితే బరువు, నీటి రాపిడి, ఖర్చు తగ్గుతాయి. రెండు పెడితే రేవులో తిప్పడం సులువు, ఒకటి ఆగినా ఇంటికి రావచ్చు. తీరానికి 20 మైళ్లు దాటి వెళ్లేవారికి రెండు సూచిస్తాను. కానీ రెండూ ఒకే ట్యాంకు, ఒకే ఫిల్టరు నుంచి తాగితే అవి రెండు కావు, ఒకటే. మురికి ఇంధనం రెండింటినీ ఒకే నిమిషంలో ఆపుతుంది.

పడవ ముక్కు పైకెత్తి అక్కడే నిలిచిపోతోంది, ముందుకు దూకడం లేదు. ఇంజను చిన్నదా?

కాకపోవచ్చు. నీటిలో తేలడం నుంచి నీటి మీద జారడానికి మారే చోట ఒక గుట్ట లాంటి ప్రతిఘటన ఉంటుంది. దాన్ని దాటడానికి గరిష్ఠ శక్తి కంటే మధ్య ఆర్‌పీఎంలో వచ్చే టార్కు, అంటే తిప్పే బలం, ముఖ్యం. సరిగ్గా అక్కడే పెద్ద టర్బో ఇంకా గాలి అందుకోక నల్లటి పొగ వదులుతుంది. వోల్వో డీ6లో టర్బోకు తోడు బెల్టుతో తిరిగే సూపర్‌చార్జరు పెట్టింది ఈ దశ కోసమే. ఇంజను ఎంచేటప్పుడు టార్కు గీతను చూడండి, అది ఎంత కింది ఆర్‌పీఎం నుంచి లేస్తే అంత మంచిది. ఉన్న పడవలో ఈ ఇబ్బంది ఉంటే ముందు వెనుక బరువు తగ్గించి, పడవ అడుగున పట్టిన నాచు, గుల్లలు గీకి చూడండి.

## డ్రైవు, ప్రొపెల్లరు

ఏ వేగానికి ఏ డ్రైవు సరిపోతుంది?

డ్రైవు అంటే ఇంజను శక్తిని నీటికి చేర్చే ఏర్పాటు. సుమారు 30, 35 నాట్ల దాకా మామూలు షాఫ్టు. దృఢమైనది, ఏ రేవులోనైనా బాగు చేసుకోవచ్చు. ఆపైన వాలుగా ఉన్న షాఫ్టు, చుక్కాని నీటిని లాగడం మొదలుపెడతాయి, ప్రొపెల్లరు చుట్టూ ఆవిరి బుడగలు పుడతాయి. 45 నాట్ల ఆశ ఉంటే సర్ఫేస్ డ్రైవు. ప్రొపెల్లరు సగం నీటి పైనే తిరుగుతుంది, రాపిడి బాగా తగ్గుతుంది. ఆర్నెసన్ డ్రైవు, ఫాబియో బుజ్జి రూపొందించిన ట్రైమాక్స్ ఈ కోవలోవే. నెమ్మదిగా నడిచేటప్పుడు, రివర్సులో మాత్రం అవి విసిగిస్తాయి.

లోతు తక్కువ నీళ్లు, వలలు, తేలే చెత్త ఉంటే నీటిని పీల్చి వెనక్కు చిమ్మే వాటర్‌జెట్. ఎల్ అండ్ టీ మన తీర రక్షక దళానికి కట్టిన 45 నాట్ల ఇంటర్‌సెప్టర్ పడవల్లో ఉన్నవి అవే. జెట్‌లో మరో గొప్ప గుణం ఉంది: పడవ బరువెక్కినా ఇంజను మీద భారం దాదాపు పెరగదు, వేగం తగ్గుతుందంతే. రోజుకో బరువు మోసే పడవకు అది ఇంజను ఆయుష్షు పోసినట్టే.

స్టెర్న్‌డ్రైవు డీజిల్ టార్కును తట్టుకుంటుందా?

స్టెర్న్‌డ్రైవు అంటే ఇంజను లోపల, ప్రొపెల్లరు కాలు పడవ వెనుక బయట ఉండే ఏర్పాటు. తగిన డ్రైవు పెడితే తట్టుకుంటుంది. 440 హార్స్‌పవర్లు 3,700 ఆర్‌పీఎం దగ్గర ఇచ్చే డీజిల్ అక్కడ 835 న్యూటన్ మీటర్ల టార్కు ఇస్తుంది. అవే 440ని 5,500 దగ్గర ఇచ్చే పెట్రోలుది 562 మాత్రమే. పళ్ల చక్రాలు విరిగేది హార్స్‌పవరుకు కాదు, టార్కుకు. కాబట్టి పెట్రోలుకు సరిపోయిన డ్రైవును అలాగే ఉంచి డీజిల్ తగిలించకూడదు.

ప్రొపెల్లరు పిచ్ కొంచెం పెంచితే వేగం పెరుగుతుందని మెకానిక్ అన్నాడు. పెంచమంటారా?

వద్దు. వేగపు డీజిళ్లను చంపే అలవాట్లలో ఇదే మొదటిది. పిచ్ అంటే ఒక చుట్టుకు ప్రొపెల్లరు ముందుకు సాగాల్సిన దూరం. అది పెంచితే ప్రతి చుట్టుకూ ప్రొపెల్లరు ఎక్కువ నీటిని నెట్టాలి. పెట్రోలు ఇంజను అయితే ఊపిరాడక గొణుగుతుంది, మీకు తెలుస్తుంది. డీజిల్ ఫిర్యాదు చేయదు. అడిగిన ఆర్‌పీఎం అందుకోవాలని కంప్యూటరు ఇంకా ఇంకా ఇంధనం కొడుతుంది. గాలి అంతే ఉంటుంది. ఎగ్జాస్ట్ వేడి పెరుగుతుంది, పిస్టన్ తలలు, వాల్వులు, టర్బో మెల్లగా కాలిపోతాయి.

నియమం సులువైనది. నిండు ఇంధనం, నిండు నీళ్లు, మామూలుగా ఎక్కే మనుషులందరితో పూర్తి థ్రాటిల్ ఇస్తే ఇంజను దాని గరిష్ఠ ఆర్‌పీఎం అందుకోవాలి. కొత్త పడవ అయితే కొంచెం దాటాలి కూడా: 3,300 ఇంజను 3,350, 3,400 చూపాలి. పడవ ఏటేటా బరువెక్కుతుంది, అడుగున గుల్లలు పడతాయి, ఆ మిగులు అప్పుడు కాపాడుతుంది. నాకు బాగా తెలిసిన ఒక పడవ యజమాని రెండు నాట్ల కోసం పిచ్ పెంచారు. 3,300 అందాల్సింది 3,050 దగ్గరే ఆగింది. రెండో వేసవి పూర్తికాకముందే ఒక ఇంజనుకు రెండు పిస్టన్లు పోయాయి. ఆ రెండు నాట్ల ధర నేను ఇక్కడ రాయలేను.

## ఇంజను గది, ఎగ్జాస్ట్, చట్టాలు

ఇంజను గదికి ఎంత గాలి కావాలి?

బయటి గాలి కంటే లోపల 15 డిగ్రీలకు మించి వేడెక్కకూడదు. విశాఖ, కాకినాడ లాంటి చోట్ల బయటే 36 ఉన్నప్పుడు ఇది కఠినమైన షరతే. గాలి దారులు చిన్నవైతే ఇంజను గది తలుపును తనవైపు పీల్చుకుంటుంది. తలుపు తెరిచి నడిపితే ఆర్‌పీఎం పెరిగిందా, గాలి చాలడం లేదన్నమాట. ఫ్యాన్లు ఇంజను ఆపాక వేడి బయటికి పంపడానికి పనికొస్తాయి. పూర్తి శక్తికి కావలసిన గాలి దారుల సైజు మీదే ఆధారపడుతుంది.

ఎగ్జాస్ట్ పైపు ఎలా ఉండాలి?

ఎత్తుగా మొదలై, ఎక్కడా కడుపు పట్టకుండా వెనక్కు వాలాలి. చల్లబరిచే నీరు ఎగ్జాస్ట్‌లో కలిసే వంపు, నిండు బరువుతో ఉన్న పడవ నీటిమట్టానికి సాధారణంగా 300 మిల్లీమీటర్లయినా పైన ఉండాలి. వేగంలో ఒక్కసారిగా థ్రాటిల్ తీస్తే వెనుక అల తరుముకొచ్చి పైపులోకి ఎక్కుతుంది. ఎత్తు లేకపోతే ఆ ఉప్పునీరు టర్బోలోకి, అక్కడి నుంచి సిలిండర్లలోకి పోతుంది.

యూరియా ట్యాంకు నాకూ తప్పనిసరా?

యూరియా ద్రావణం ఎగ్జాస్ట్‌లోని నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గిస్తుంది. ఈ పొడవు విహార పడవలకు సాధారణంగా దాని అవసరం రాదు. అమెరికాలో 600 కిలోవాట్లు దాటిన వాణిజ్య ఇంజన్లు, అంతర్జాతీయ టియర్ 3 నైట్రోజన్ ఆక్సైడ్ నియమం వర్తించే ప్రాంతాల్లో తిరిగే 24 మీటర్లు మించిన కొత్త పడవలు ఆ చట్రంలోకి వస్తాయి. పెట్టక తప్పనివారు బరువు, చోటు రెండూ మొదటి గీతలోనే లెక్కించాలి.

## ఇంజను మార్పిడి, పాత ఇంజను కొనుగోలు

పాత పెట్రోలు పడవలో డీజిల్ పెట్టించాలంటే ఏమేం మారతాయి?

ఇంజను ధర కేవలం సగం కథ. కొత్త బరువుకు, టార్కుకు ఇంజను కూర్చునే దిమ్మెలు బలపరచాలి. ఎగ్జాస్ట్ పెద్దదవుతుంది. ఇంజను వాడగా మిగిలిన వేడి డీజిల్ ట్యాంకుకు తిరిగి వెళ్లాలి కాబట్టి మరో పైపు కావాలి. గేరు నిష్పత్తి, షాఫ్టు మందం, ప్రొపెల్లరు అన్నీ మారతాయి, ఎందుకంటే డీజిల్ నెమ్మదిగా, బలంగా తిరుగుతుంది. ట్యాంకును అలాగే వాడవచ్చా అన్నది దాని వయసు, లోహం చూసి తేల్చాలి. ఈ జాబితా మొత్తానికి ధర వేయించుకున్నాక చాలామంది కొత్త పెట్రోలు ఇంజనే వేయించుకుంటారు, అందులో తప్పు లేదు.

పాత ఇంజను 1,000 గంటలే తిరిగింది అంటున్నారు. కొనవచ్చా?

గంటలు కాదు, తాగిన లీటర్లు అడగండి. సగటున గంటకు 85 లీటర్లతో 1,000 గంటలు తిరిగిన ఇంజను 85,000 లీటర్లు కాల్చింది. గంటకు 35 లీటర్లతో 2,000 గంటలు తిరిగినది 70,000 కాల్చింది. రెండోదే తక్కువ అలసిపోయింది. ఇంజను కంప్యూటరు నుంచి లోడు చరిత్ర తీయించండి, పది నిమిషాల పని. ఆయిలు నమూనాను ల్యాబుకు పంపండి. అందులో సోడియం కనిపిస్తే ఉప్పునీరో కూలెంటో లోపలికి వస్తున్నట్టు. ఆఫ్టర్‌కూలరు చివరిసారి ఎప్పుడు విప్పారని అడగండి, ఎదుటివారు తడబడితే దాన్ని విప్పించే దాకా బయానా ఇవ్వకండి.

## సీ ట్రయల్

పడవ అప్పగించే రోజు నేను ఏమేం చూడాలి?

ఖాళీ పడవతో ట్రయల్ ఒప్పుకోకండి. ట్యాంకులు నింపించి, మనుషులను ఎక్కించండి. లేకపోతే అంత బరువు నీళ్ల డబ్బాలైనా పెట్టించండి. 600 నుంచి మొదలుపెట్టి ప్రతి 200 ఆర్‌పీఎంకు ఒకసారి వేగం, గంటకు లీటర్లు, లోడు శాతం, టర్బో పీడనం, కూలెంటు వేడి రాసుకోండి. ప్రతి మెట్టునూ రెండు దిక్కుల్లో చేస్తే గాలి, ప్రవాహం ప్రభావం పోతుంది. చివర పది నిమిషాలు పూర్తి థ్రాటిల్‌తో నడిపి వేడి ఎక్కడ స్థిరపడుతుందో చూడండి.

ఇంధనం సరిచూడటానికి ఒక చేతి లెక్క: పూర్తి శక్తి దగ్గర హార్స్‌పవరుకు గంటకు 0.2 లీటర్లు. 550కి సుమారు 110. గరిష్ఠ ఆర్‌పీఎం అందకుండానే 110 దగ్గరికి వచ్చేసిందంటే ప్రొపెల్లరు బరువెక్కువైంది. ఆ కాగితాన్ని పారేయకండి. అయిదేళ్ల తరువాత పడవ ఎందుకు నెమ్మదించిందో చెప్పేది అదొక్కటే.

## వాడకం

రోజువారీ ఏ ఆర్‌పీఎం దగ్గర నడపాలి?

గరిష్ఠానికి 10% తక్కువగా. ప్రొపెల్లరు అడిగే శక్తి ఆర్‌పీఎంతో పాటు చాలా నిటారుగా పెరుగుతుంది, అందుకే ఆర్‌పీఎం 10% తగ్గిస్తే శక్తి దాదాపు 25% తగ్గుతుంది. వేగంలో పోయేది మూడు నాలుగు నాట్లు. ఆగే ముందు మూడు నుంచి అయిదు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి టర్బోను చల్లబడనివ్వండి. రేవులోకి నెమ్మదిగా వస్తే అదే సరిపోతుంది.

ఆఫ్టర్‌కూలరు విప్పి శుభ్రం చేయాలంటున్నారు. బాగానే నడుస్తున్న ఇంజనును ఎందుకు విప్పాలి?

ఎందుకంటే అది పాడైందని తెలిసేసరికి ఇంజను పోతుంది. టర్బో నొక్కిన వేడి గాలికీ, సముద్రపు నీటికీ మధ్య అక్కడ ఉండేది పలుచని గొట్టాల గోడ. వేర్వేరు లోహాలు, ఉప్పు, వేడి ఒకచోట చేరితే తినివేయడం ఆగదు. చిన్న చిల్లు పడితే ఉప్పునీరు సూటిగా గాలి దారిలోకి, సిలిండర్లలోకి వెళుతుంది. మన వెచ్చటి నీళ్లలో గుల్లలూ తొందరగా పేరుకుంటాయి. ఏటా, ఎంత ఆలస్యమైనా రెండేళ్లకోసారి, విప్పి శుభ్రం చేసి, అతుకులకు గ్రీజు రాసి, పీడనంతో పరీక్షించి బిగించాలి. సముద్రపు నీటి పంపులోని రబ్బరు ఇంపెల్లరును ఏటా మార్చండి. పాతది ముక్కలైతే ఆ ముక్కలన్నీ లెక్కపెట్టి బయటికి తీయాలి, లేదంటే అవి కూలరు గొట్టాల్లో ఇరుక్కుంటాయి.

పంపు నుంచి నేరుగా డీజిల్ పోసుకుంటే చాలదా? ఇన్ని ఫిల్టర్లు ఎందుకు?

1986లో రిచర్డ్ బ్రాన్సన్ బృందం వర్జిన్ అట్లాంటిక్ ఛాలెంజర్ 2 అనే పడవలో రెండు ఎంటీయూ డీజిళ్లతో అట్లాంటిక్ దాటుతుండగా, నడిసముద్రంలో నింపుకున్న ఇంధనంలో టన్నుల కొద్దీ నీరు వచ్చింది. ఇంజన్లు ఆగడం, ఫిల్టర్లు మార్చడం, మళ్లీ ఆగడం. చివరికి కొత్త ఫిల్టర్లను బ్రిటిష్ వైమానిక దళం నిమ్రాడ్ విమానం నుంచి జారవిడవాల్సి వచ్చింది. 3 రోజుల 8 గంటల 31 నిమిషాల్లో గమ్యం చేరి, పాత రికార్డును కేవలం 2 గంటల 9 నిమిషాల తేడాతో దాటారు.

నేటి కామన్ రైలు ఇంజన్లు (ఒకే గొట్టంలో అధిక పీడనంతో ఇంధనం నిలిపి అన్ని ఇంజెక్టర్లకూ అందించేవి) ఇంకా సున్నితమైనవి. 1,600 బార్లకు పైబడిన పీడనంలో ఇంజెక్టర్ల లోపలి సందులు వెంట్రుక కంటే సన్నం, నీటి చుక్క వాటిని గీసేస్తుంది. ప్రతి ఇంజనుకూ విడిగా నీటిని వేరుచేసే ఫిల్టరు, కింద నీరు కనిపించే గిన్నె, ఎంత మూసుకుపోయిందో చూపే వాక్యూం గేజి పెట్టండి. ట్యాంకును నిండుగా ఉంచితే గాలిలోని తేమ లోపల చెమ్మగా మారడం తగ్గుతుంది, ఆ చెమ్మలో పెరిగే నల్లటి జిగురూ తగ్గుతుంది.

రెండు ఇంజన్లలో ఒకటి ఆగిపోయింది. మిగిలిన దానితో వేగంగా ఇంటికి రావచ్చా?

రావచ్చు, వేగంగా కాదు. ఒక్క ఇంజనుతో చాలా పడవలు నీటి మీదికి లేవలేవు. అప్పుడు 40 నాట్ల కోసం చేసిన ప్రొపెల్లరు 8 నాట్ల నీటిలో తిరుగుతుంది, దాని మీద భారం విపరీతంగా ఉంటుంది. థ్రాటిల్ పెంచినా వేగం పెరగడం ఆగిన చోటే ఆగి, అక్కడి నుంచి ఇంకాస్త తగ్గించండి. మామూలుగా అది గరిష్ఠ ఆర్‌పీఎంలో సగం లోపే ఉంటుంది.

ఆగిపోయిన వైపు షాఫ్టు నీటి ఒరవడికి తిరుగుతూనే ఉంటుంది. అలా తిరిగితే గేర్‌బాక్సుకు ఆయిలు అందుతుందా, షాఫ్టును కట్టి ఉంచాలా అన్నది గేర్‌బాక్సు పుస్తకంలో ఉంటుంది, రేవు వదలక ముందే చదివి ఉంచుకోండి. నీరు కారని రకం షాఫ్టు సీలు అయితే దాన్ని చల్లబరిచే నీరు ఆగిన ఇంజను నుంచే రావాలి. రెండు ఇంజన్ల సీళ్లనూ కలిపే అడ్డపైపు ఒకటి వేయించుకుంటే నడుస్తున్న ఇంజను రెండింటికీ నీరు ఇస్తుంది. ఆ పైపు ఖర్చు ఒక మధ్యాహ్నం కూలి, మూడు మీటర్ల హోసు.